రెండంగుళాల లూజు

ఇందులోకి వంగితే మళ్లీ పైకి లేవడానికి ఎవరినో ఒకరిని పిలుచుకోవాలి, అనుకుంటూనే బాగుందండీ అన్నాను షాపాయనతో, ఆయన మూత ఎత్తి పట్టుకుని లోపల చూడమంటున్నాడు, కుండలు కాల్చే కరెంటు బట్టీ, నీళ్ల డ్రమ్మంత ఉంది, అడుగున ఒక్క కుండ పెట్టాలన్నా నడుము దాకా దూరాలి, నాకేమో నిరుడు కుడి భుజానికి ఆపరేషనయింది, ఆ సంగతి అందరికీ తెలుసు, అది ఇంకా తగ్గలేదన్న సంగతి నాకొక్కదానికే తెలుసు, దువ్వెన ఎడమ చేత్తో పట్టుకుంటున్నానని ఎవరు చూడొచ్చారు, పదేళ్లు నాకు మట్టి పని నేర్పిన టీచరమ్మ తన బట్టీ మూసేస్తూ, ఇక నీ ఇంట్లోనే పెట్టుకో, పెద్దదే తీసుకో, నీలా జాడీలు ఇంకెవరికీ రావు అన్నారు, ఆ ఒక్క మాటకి పొంగిపోయి తలూపేశాను, ఎవరు ఊపమన్నారు.

పక్కనే చిన్నది, బీరువాలా ముందుకు తెరుచుకుంటుంది, స్టూలేసుకుని కూర్చుని సర్దుకోవచ్చు, కప్పులు పడతాయి, గిన్నెలు పడతాయి, జాడీ పట్టదు, అది కొంటే నా పని అయిపోయిందని నా నోటితో నేనే చెప్పుకున్నట్టు, అందుకే దానివైపు దొంగచూపులు చూస్తున్నాను, షాపాయన పెద్దదాని వివరాలు రాస్తూ మీ గది గుమ్మం వెడల్పెంతమ్మా, బట్టీ ఇరవై తొమ్మిది అంగుళాలు అన్నాడు, ముప్పై అండీ, మా ఆయన పొద్దున్నే కొలిచి చీటీ రాసిచ్చారు, ఆయన టైలరు, కొలతల్లో తిరుగులేదు, అంటుండగానే నాలుక కరుచుకున్నాను, టైలరు కాబట్టే ఆయన ప్రతిదానికీ లూజు కలుపుతారు, మా కిటికీ కర్టెన్లు నేల మీద పాకుతుంటాయి, మా దిండు గలీబులో రెండు దిండ్లు పడతాయి, ఫోన్ చేశాను, ఏవండీ, గుమ్మం ముప్పయ్యేనా, ఆ ముప్పయ్యే, లూజు కలిపారా, అటు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది, రెండంగుళాలేనే, అలవాటులో కలిసిపోయింది, మరీ బిగుతైతే ఇబ్బంది కదా అని, గుమ్మానికి ఇబ్బందేమిటండీ, అదేమన్నా తిని లావెక్కుతుందా.

హమ్మయ్య, ఇరవై ఎనిమిదే, ఇక ఇది దూరదు, ఇంట్లో ఉన్న లూజంతటికీ ఆయన్ని వెయ్యిసార్లు సాధించాను, ఈ ఒక్కదానికి చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు, గుమ్మం పట్టలేదు టీచరమ్మా, నేనేం చెయ్యను అంటే సరిపోతుంది, భుజం ఊసే ఎత్తక్కర్లేదు, పట్టదండీ అన్నాను వీలైనంత మొహం వేలాడేసుకుని, షాపాయన పెన్నయినా ఆపలేదు, దానికేముందమ్మా, ద్వారబంధం ఊడదీసి, బట్టీ లోపల పెట్టేసి, మళ్లీ బిగించేస్తాం, మావాళ్లకి పూట పని.

గుండె గతుక్కుమంది, ఇంత మంచి మాట వింటే గతుక్కుమనడమేమిటి, జాడీలు చెయ్యాలనే ఉంటే ఎగిరి గంతెయ్యాలి కదా, గుమ్మం చిన్నదైతే అంత సంబరపడ్డాను, దాన్ని ఊడదీస్తామంటే ఏడుపొస్తోంది, ఆపరేషనుకి ముందే చివరి జాడీ చేసేటప్పుడు దీన్ని చక్రం మీంచి ఎప్పుడు దించుతానా అని ఒకటే ఆత్రం, కప్పులకి పిడులు అతికిస్తూ కూర్చుంటే మాత్రం అన్నం తినడం కూడా మరిచిపోతాను, మరి ఎవరి కోసం ఈ డ్రమ్ము, వద్దండీ, చిన్నదే రాయండి, గుమ్మం సంగతి కాదు, నా భుజం ఇక బరువులెత్తలేదు, ఎత్తాలని నాకూ లేదు, ఏడాదిగా గొంతులో అడ్డంపడ్డ మాట అంత మామూలుగా బయటికొచ్చేసింది, షాపాయన సరేనమ్మా అని పెద్దదాన్ని కొట్టేసి చిన్నది రాశాడు, ఏమీ కూలిపోలేదు, ఒళ్లంతా తేలికగా ఉంది, టీచరమ్మకీ ఇదే చెబుతాను, నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ, జాడీలు మానేసినంత మాత్రాన మట్టి పని మానేసినట్టు కాదు, ఇంత చిన్న సంగతి నాకే ఇప్పుడు తెలిసింది, ఆవిడకి తెలియడానికి కాస్త టైమివ్వాలి.