రెండు టెస్టులు, ఒకటే ఫలితం

"మా కోడలు కోడు రాస్తుంది" అని అత్తగారు పక్కింట్లో గొప్పలు పోతుంది గానీ, కోడలు కోడు రాయదు. ఎవరో రాసిన కోడుకి వంకలు పెడుతుంది. అందుకు జీతమిస్తారు. "ఇన్నేళ్ళు ఇంటిల్లిపాదికీ వంకలు పెట్టాను, నాకెవరిచ్చారమ్మా?" అని అత్తగారి బాధ.

ఆ ఉదయం ఫోన్లో బాసు బగ్గుమన్నాడు. బగ్గు, అంటే కోడులో తప్పు, ఆ మాట వింటే చాలు ఆయన బగ్గుమంటాడు. అందుకే ఆఫీసులో ఆయన బగ్గుబాబు.

"మీ టెస్టింగు సాఫ్ట్‌వేరు ఓసారి పాసంటుంది, ఓసారి ఫెయిలంటుంది! ఓపెన్ సోర్సు, ఓపెన్ సోర్సు, పైసా ఖర్చులేదు అని సొరకాయలు కోశారుగా! సాయంత్రంలోగా తేల్చండి. లేకపోతే దాన్ని పీకి అవతల పారేస్తాను!"

కోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్ని పట్టుబట్టి తెచ్చింది తనే. పోనీ, తయారుచేసినవాళ్ళకి రాద్దామా? కిందటిసారి "మీ దాంట్లో బగ్గుంది" అని నలుగురూ చూసేచోట రాస్తే, "తప్పు మీ సెట్టింగుల్లో ఉందండీ" అని జవాబొచ్చింది. అందరూ చాంతాడని పిలిచే పక్కసీటు కుర్రాడు ఆ జవాబుని అచ్చుతీసి ఆఫీసు గోడకి అంటించాడు. ఇంకా అక్కడే ఉంది.

అందుకని ఈసారి ముందు ఒలవడం మొదలెట్టింది. సగం టెస్టులు తీసేసి నడిపింది. తడబాటు పోలేదు. మిగిలినవాటిలో సగం తీసింది. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిస్తే చివరికి రెండే మిగిలాయి. రెండూ చాంతాడు రాసినవే. అతన్ని టెస్టుకి పేరు పెట్టమంటే పురాణం చెబుతాడు, అందుకే చాంతాడయ్యాడు. వాళ్ళది బస్సు టికెట్లమ్మే యాప్. మొదటి టెస్టు పేరు "టికెట్టు కొన్న ప్రయాణికుడు మనసు మార్చుకుని రద్దుచేసి మళ్ళీ మనసు మార్చుకుని అదే సీటు అడిగితే ఇవ్వాలి". రెండోదీ అక్షరం పొల్లుపోకుండా అదే, చివర మాత్రం "ఈలోగా ఇంకొకరు కొంటే ఇవ్వకూడదు".

నడిపింది. లోపలికి రెండు వెళ్ళాయి, బయటికి ఒకటే ఫలితం వచ్చింది. మళ్ళీ నడిపింది. ఒకటే!

"అత్తయ్యా! తప్పింది!" అని కుర్చీలోంచి ఎగిరింది.

అత్తగారు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "నెలా?"

"లెక్క! ప్రతిసారీ తప్పుతోంది! అప్పుడప్పుడూ తప్పేదాన్ని పట్టుకోలేం. ఎప్పుడూ తప్పేదైతే దొరికినట్టే."

"మీ మామగారిలాగా" అని నిట్టూర్చి అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, ఆ సాఫ్ట్‌వేరు ప్రతి ఫలితాన్నీ టెస్టు పేరుతోనే ఓ ఫైల్లో దాస్తుంది. పేరు మరీ పొడుగైతే తోక కత్తిరిస్తుంది. చాంతాడు పేర్లకి తేడా అంతా తోకలోనే. తోకలు తెగాక రెండూ ఒకే ఫైలు. వెనకొచ్చింది ముందొచ్చినదాన్ని తుడిచేస్తోంది. ఏది వెనకొస్తుందో నడిపినప్పుడల్లా మారుతుంది. పాసైంది వెనకొస్తే పాసు, ఫెయిలైంది వెనకొస్తే ఫెయిలు.

పాలతో మూతి కాలిన పిల్లి కదా, కోడలు మజ్జిగనీ ఊదింది. సాఫ్ట్‌వేర్ని కొత్తగా దింపుకుని, తన సెట్టింగులేవీ తగలకుండా నడిపింది. అక్కడా అంతే. పేర్లు కుదించింది. రెండు ఫలితాలూ బుద్ధిగా వచ్చాయి. అందులో రెండోది ఖచ్చితంగా ఫెయిలు. అంటే యాప్ నిజంగానే ఒకే సీటుని ఇద్దరికి అమ్ముతోంది!

సాఫ్ట్‌వేరు తయారుచేసినవాళ్ళకి, తను ఏం చేసిందో, ఏం రావాలో, ఏం వచ్చిందో రాసి, ఆ రెండు టెస్టులూ జతచేసింది. పైన "బగ్గు కావచ్చు" అని పెట్టింది. ఆ "కావచ్చు" కిందపడితే దెబ్బ తగలకుండా వేసుకున్న పరుపు. పంపి, గోళ్ళు కొరుకుతూ కూర్చుంది.

పొద్దు వాలకముందే జవాబొచ్చింది. "కావచ్చు కాదండీ, బగ్గే. తప్పు మాదే. ఇంత చక్కగా ఒలిచి చేతిలో పెట్టినందుకు థ్యాంక్స్. సరిచేస్తున్నాం. ఈలోగా, టెస్టులకి పేర్లు పెట్టేవారెవరో గాని, కాస్త పొట్టిగా పెట్టమనండి."

కోడలు ఫోన్ చేసి సంగతంతా చెబితే బగ్గుబాబు ఈసారి బగ్గుమనలేదు. "ఒక సీటు ఇద్దరికా? జనం నా నెత్తిన కూర్చునేవాళ్ళు కదండీ! సాఫ్ట్‌వేరు ఉంచండి. పీకుతానని నేనెప్పుడన్నాను?"

వెంటనే చాంతాడు ఫోన్ చేశాడు. "అక్కా, గోడమీద పాతది పీకేశాను. కొత్త జవాబు అంటిస్తున్నా. ఆ చివరి వాక్యం మాత్రం కత్తిరించనా?"

"అంటించు నాయనా, తోకతో సహా!"