వంటింట్లో పైలట్ గొంతు

పైలట్ ఆకాశంలో మైకు అందుకుంటే ఆ మాటలు ఇంట్లో పొయ్యి పైన వినిపించేవి. పెళ్ళైన కొత్తల నుంచీ అంతే. "ఎదురుగాలి ఎక్కువగా ఉంది, కాస్త ఆలస్యంగా దిగుతాం, మన్నించండి" అని వినబడగానే ఆయన భార్య కూర దించి పక్కన పెట్టేది. అత్తగారు టీవీ సౌండు తగ్గించేది. పంచదార కోసం వచ్చిన పక్కింటావిడ కూడా, "ఓహో, ఇవాళ మీవారు వస్తున్నారన్నమాట" అనేసి తన దారిన తను పోయేది.

వింతేదైనా ఉంటే అది ఆ గొంతులోని తియ్యదనమే. ఇంటికొచ్చే మనిషికీ దానికీ పోలికే లేదు. ఊరుకాని ఊళ్ళలో హోటల్ గదుల్లో పడుకుని పడుకుని, సొంతింట్లో కూడా రేపు గది ఖాళీ చేసి పోయేవాడిలాగే మసిలేవాడు. రిజర్వు డ్యూటీ వారమైతే మరీనూ. ఎవరైనా జబ్బుపడి రాకపోతే ఈయన్ని పిలుస్తారు. అందుకని యూనిఫాం తొడుక్కుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. అది మోగేదాకా ఇంట్లో ఎవరూ ఆయన్ని కదిలించకూడదు. "పాపం, ఉన్న మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతాయి" అని భార్యే అందరికీ సర్దిచెప్పేది.

ఆవిడకి రొమ్ములో గడ్డ లేచింది. తీసెయ్యాలన్నారు డాక్టరమ్మ. ఆస్పత్రంటే ఆవిడకి చచ్చేంత భయం. వాళ్ళమ్మ అలాగే ఒక్కతే లోపలికెళ్ళి తిరిగి రాలేదు. భర్త పక్కనుంటే తప్ప వెళ్ళనని మొండికేసింది. ఒకసారి పరాయి ఊళ్ళో మకాం అడ్డొచ్చింది, ఇంకోసారి రిజర్వు. ఇప్పుడేమో సిమ్యులేటర్ పరీక్ష.

"ఒక్కరోజు మార్చుకోలేరా?"

"పరీక్షంటే ఆటలనుకున్నావా?"

"పోనీ, మీరొచ్చాకే చేయించుకుంటాను."

"నేనొచ్చి ఏం పొడుస్తాను? కోసేది డాక్టరేగా."

సిమ్యులేటరంటే నేల మీదే ఉండే విమానం ముక్క. ముందు అద్దాలూ మీటలూ అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. వెనక్కి తిరిగితే పరీక్ష పెట్టే మాస్టారూ, ఆయన వెనక గోడా. ప్రయాణికులు కూర్చునే చోటే ఉండదు. ఆవిడ ఒకసారి చూసొచ్చింది కూడా.

పరీక్ష రోజు పొద్దున్న ఆవిడ బెండకాయలు తరుగుతోంది. సిమ్యులేటర్ నుంచి గొంతు రావడం అదే మొదలు.

"భయపడకండి. ఒక ఇంజను ఆగింది, అంతే. నేను మీతోనే ఉన్నాను. మీలో ఒక్కరినీ వదిలిపెట్టి ఎక్కడికీ వెళ్ళను."

అత్తగారు పరుగున వచ్చింది. "అయ్యో, ఎవరే పాపం ఆ విమానంలో?"

"ఎవరూ లేరత్తయ్యా. గోడకి చెప్తున్నారు."

ఆవిడ పొయ్యి ఆపింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. మాటలు ఖర్చయిపోయాయని ఇన్నేళ్ళూ ఊరందరికీ చెప్పింది. ఖర్చవలేదు, గోడకి పోసేటన్ని మిగిలాయి. తనకే లేవు. ఆ మంటలో భయం ఎటుపోయిందో ఆవిడకే తెలీలేదు.

"తయారవండత్తయ్యా, ఆస్పత్రికెళ్దాం."

డాక్టరమ్మ అప్పటికప్పుడే చేర్చుకున్నారు. "ఇంకొన్నాళ్ళు ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు" అని చివాట్లూ పెట్టారు. మర్నాడు ఆపరేషన్ జరిగింది.

పైలట్ రెండురోజుల పరీక్ష పాసై, తల్లి ఫోన్ చేసి చెబితే నేరుగా ఆస్పత్రికే వచ్చాడు. మంచం పక్కన టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"నేను లేకుండా ఎలా వెళ్ళావు? భయం వేయలేదూ?"

"మీ మాటలు విన్నానుగా. ఒక్కరినీ వదిలి వెళ్ళనన్నారు."

ఆయన ముఖం విప్పారింది. "చూశావా! ఆ మాటలకి మాస్టారు కూడా మెచ్చుకున్నాడు. మొత్తానికి నీకు ధైర్యం నేనే ఇచ్చానన్నమాట!"

"మీరే ఇచ్చారండీ" అంది ఆవిడ. అత్తగారు కొడుకు ముఖం చూడలేక కిటికీవైపు తిరిగింది.

ఆవిణ్ణి ఆస్పత్రి నుంచి పంపేసిన రోజున పైలట్ ఎక్కడో హోటల్లో నిద్రపోతున్నాడు. అత్తాకోడళ్ళు టాక్సీ ఎక్కి కోడలి చెల్లెలింటికి దారి చెప్పారు. ఎక్కేముందు అత్తగారు ఇంటి తాళంచెవి నర్సు చేతిలో పెట్టింది.

"మావాడొస్తే ఇవ్వమ్మా. మేమెక్కడికెళ్ళామని అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు."

పైలట్ మర్నాడు హడావుడిగా వచ్చి తాళంచెవి తీసుకెళ్ళాడు. నర్సుకి ఏమీ చెప్పాల్సిన పని పడలేదు.