అక్కడికి చాలమ్మా

"కాలర్ దగ్గర ముడత లేకుండా చూడు, లైవ్‌లో కనిపిస్తుంది," అన్నారు మా ఆయన. ఆయన మందిరంలో వెనక మూల సౌండ్ మిషన్ ముందు కూర్చుంటారు. కెమెరా ఒక్కసారైనా ఆయన వైపు తిరిగిన పాపాన పోలేదు. అయినా ప్రతి శనివారం ఆ తెల్లచొక్కాని నేను ముడత లేకుండా ఇస్త్రీ చేయాల్సిందే. పక్కన ఫోన్‌లో అయ్యగారి ప్రసంగం నడుస్తూ ఉంటుంది. మా అయ్యగారు మామూలు పాస్టరు కాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఫోన్‌లో ఆయన మాట వింటూ అన్నాలు తింటారు. ఆయనకో పద్ధతి ఉంది. వచనం తను చదవరు, నాచేత చదివిస్తారు. ముందు వరసలో నాకో మైకు ఉంటుంది. ఆయన అధ్యాయం, వచనం చెప్పి "చదవమ్మా" అంటారు. నేను మొదలుపెడతాను. తనకి కావలసిన ముక్క రాగానే చెయ్యెత్తి "అక్కడికి చాలమ్మా" అంటారు. నేను ఆగిపోతాను. ఇక ఆ ముక్క మీదే ముప్పావుగంట మాట్లాడి జనాన్ని ఏడిపిస్తారు, నవ్విస్తారు. "నీ గొంతు ఎంత బాగుంటుందమ్మా" అని సంఘంలో అందరూ అంటారు. ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. ఇంట్లో నా చేతులతో పని గానీ గొంతుతో ఏం పని?

ఆ వారం మా ఆడపడుచు పుట్టింటికి వచ్చింది. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది, చెంప నల్లబడింది. ఎవరైనా అడిగితే మా అత్తయ్య "మెట్ల మీంచి జారిపడింది" అని చెప్పేది. చెంప మీద వేళ్ళ గుర్తులు ఎలా వచ్చాయో ఆ మెట్లనే అడగాలి. పిల్ల మాత్రం నా వెనకే వంటింట్లోకి వచ్చి, నా ముందున్న కత్తిపీట లాక్కుని కూరలు తరగడం మొదలుపెట్టింది. పుట్టింట్లో కూడా ఊరికే కూర్చుంటే ఉండనివ్వరేమో అని భయం దానికి.

"అయ్యగారితో మాట్లాడాను. ఆదివారం భార్యాభర్తలు విడిపోకూడదన్న అంశమే తీసుకుంటానన్నారు. బావ కూడా మందిరానికి వస్తాడు. సాయంత్రం వచ్చి దీన్ని తీసుకెళ్తాడు. వాక్యం వింటే దీనికీ బుద్ధొస్తుంది, ఆయనకీ కోపం తగ్గుతుంది," అన్నారు మా ఆయన. దెబ్బలు తిన్నదానికి బుద్ధి రావాలట, కొట్టినవాడికి కోపం తగ్గితే చాలట. పంపకం ఎంత బాగా చేశారో! అత్తయ్య అప్పటికే పిల్ల బ్యాగు సర్ది గది తలుపు పక్కన పెట్టేసింది.

ఆ శనివారం చొక్కా ఇస్త్రీ అవుతుండగానే అయ్యగారి నుంచి మెసేజ్ వచ్చింది. రేపు చదవాల్సిన వచనం. మలాకీ, రెండో అధ్యాయం, పదహారు. పక్కన "మొదటి సగం" అని. ఇన్నాళ్ళూ చెయ్యి చూసి ఆగేదాన్ని గనక మిగతా సగం ఉందనే ధ్యాసే ఉండేది కాదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి బైబిలు తెరిచాను. మొదటి సగం నాకు నోటికి వచ్చిందే. భార్యను విడిచిపెట్టడం దేవుడికి అసహ్యం. మరి రెండో సగం? దౌర్జన్యాన్ని బట్టలా కప్పుకునేవాడంటే కూడా అంతే అసహ్యమని ఉంది. పై వచనాలు చూశాను. యౌవనంలో చేసుకున్న భార్యకు ద్రోహం చేసిన మగవాళ్ళని నిలదీస్తున్న మాటలవి. దెబ్బలు తిన్నదాన్ని వెనక్కి వెళ్ళమని ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను. తర్వాత ఎఫెసీయుల పత్రికకి తిప్పాను. భార్యలు లోబడాలి అని ఎన్ని పెళ్ళిళ్ళలో చదివించారో! ఒక్క వచనం పైకి వెళ్తే ఒకరికొకరు లోబడి ఉండమని ఉంది. అది నాచేత ఏ పెళ్ళిలోనూ చదివించలేదు. "నేను చెప్పానని నమ్మకండి, ఇంటికెళ్ళి లేఖనాలు తిప్పి చూసుకోండి. బెరయ ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు మాటనే లేఖనాల్లో సరిచూసుకున్నారు" అని అయ్యగారే అంటుంటారు. తిప్పి చూసుకున్నాను. చూసింది చెప్పుకోవడానికే ఒక్కరూ లేరు.

మా ఆయనకే చెప్పాను. టీ తాగుతూ విని, "అయ్యగారికి తెలియనిది నీకు తెలిసిందా?" అన్నారు. "ముందు చొక్కా సంగతి చూడు." ఉండబట్టలేక అయ్యగారికి ఫోన్ చేశాను. "అయ్యగారూ, ఆ వచనం మొత్తం చదవమంటారా?" అని అడిగాను. ఆయన చాలా ప్రేమగా, "వద్దు సహోదరీ, సమయం చాలదు. అవసరమైనంతవరకే," అన్నారు. ఎవరి అవసరమండీ అని నోటిదాకా వచ్చింది. "సరేనండీ" అని పెట్టేశాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది!

ఆదివారం ఆడపడుచుని ఇంట్లోనే ఉంచారు. "ఆ మొహంతో నలుగురిలోకి ఎందుకు, ఫోన్‌లో చూడు," అంది అత్తయ్య. మందిరం కిటకిటలాడుతోంది. ఆడపడుచు మొగుడు మూడో వరసలో తలవంచుకుని కూర్చున్నాడు. మా ఆయన చొక్కా కంటే తెల్లగా ఉంది అతని చొక్కా. ఎవరు ఇస్త్రీ చేశారో! "చదవమ్మా," అన్నారు అయ్యగారు. మొదటి సగం చదివాను. చెయ్యెత్తారు. "అక్కడికి చాలమ్మా."

తల దించుకుని, ఆ చెయ్యి కనబడనట్టు మిగతాది చదవడం మొదలుపెట్టాను. "దౌర్జన్యం" అనే మాట దగ్గర నా గొంతు ఠక్కున చిన్నదైపోయింది. మైకు ఆగిపోయింది. తలెత్తి చూశాను. అయ్యగారు ఇంకా చెయ్యెత్తే ఉన్నారు. వెనక్కి తిరిగాను. సౌండ్ మిషన్ మీద మీట నొక్కింది మా ఆయన. ఆయన నా వైపు చూడలేదు. మైకు లేకుండానే చివరిదాకా చదివాను. ముందు రెండు వరసలకి వినిపించి ఉంటుంది. ఒక్కరూ ఆమేన్ అనలేదు. అయ్యగారు నవ్వి, "మన సహోదరి ఉత్సాహంలో ఉంది," అన్నారు. అందరూ నవ్వారు. అంతమంది మధ్య అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. కూర్చుని ఒళ్ళో బైబిలు గట్టిగా పట్టుకున్నాను.

ఆరాధన అయ్యాక మా ఆయన తల్లిని బండి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ప్రతివారం నాతో మాట్లాడేవాళ్ళు ఆ రోజు చెప్పులు వెతుక్కోవడంలో మునిగిపోయారు. నేను ఎండలో నడిచి ఇంటికి వచ్చాను. ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వదినా, నువ్వు చదువుతుంటే మధ్యలో శబ్దం పోయింది. నెట్ పోయిందేమో అనుకున్నాను. కానీ నీ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఏముంది?"

బైబిలు తెరిచి ఆమె చేతికిచ్చాను. వాపు లేని కంటికి దగ్గరగా పెట్టుకుని, వేలు ఆనించి చదువుకుంది. మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, తలుపు పక్కనున్న బ్యాగుని మంచం కిందకి తోసింది.

"వదినా, నేను వెళ్ళను. ఆ మాట ఆయనతో చెప్పడం నాకు చేతకాదు."

సాయంత్రం గేటు ముందు ఆమె మొగుడి బండి ఆగింది. అత్తయ్య కంగారుగా పిల్లని కేకేసింది. మా ఆయన కుర్చీలోంచి లేచి, "నువ్వు నోరెత్తకు. పొద్దున చేసింది చాలు," అన్నారు నాతో. నేనే వెళ్ళి తలుపు తీసి, గడప మీద అడ్డంగా నిలబడ్డాను.

"రాదు," అన్నాను అతనితో. "తను రానంది."

వీధి చివరిదాకా వినిపించింది.