బండలదారి

గడ్డపార బండను తాకిన చప్పుడు కొండమలుపు తిరగకముందే హెస్టర్ చెవినపడింది. దినమంతా మగ్గాల మోత విన్న చెవులు. ఆ మోతే ఇంకా తలలో తిరుగుతోందనుకుంది. మలుపు తిరిగాక తెలిసింది. ఎస్టేటు మనుషులు దారిలోని బండల్ని పెళ్ళగించి గుర్రపుబండికి ఎత్తుతున్నారు.

ఆ దారి ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు ఉన్నిమూటల గుర్రాలు దాని మీదుగా యార్క్‌షైర్‌కు పోయేవి. తర్వాత నేతగాళ్ళు నడిచారు, ఆ తర్వాత మిల్లు కూలీలు. అడుగులు పడీపడీ ప్రతి బండా నడిమధ్యన అరిగి దొప్పలా తయారైంది. అటూ ఇటూ మనిషిని నడుందాకా మింగే ఊబి.

"ఏం చేస్తున్నారయ్యా?" అంది.

"కనబట్టంలా? దొరగారి గుర్రాలశాల ముందు పరవటానికి తీసుకెళ్తన్నాం," అన్నాడు ఎస్టేటు మేనేజరు క్రోస్‌డేల్.

"మరి మేం మిల్లుకెట్టా పోవాలి?"

"చుట్టూ బండ్లరోడ్డుందిగా. ఇక్కడ దొరగారి వేటపిట్టలు గుడ్లు పెడతాయి. మీ చెక్కచెప్పుల టకటకకి బెదిరిపోతున్నాయి. అయినా రాళ్ళు పోయాక దారేది? దారే లేనప్పుడు మీ హక్కేది?"

హెస్టర్‌కు జగడమాడే ఓపిక లేదు. లంగా ఎత్తిపట్టుకుని ఊబిలో పడుతూ లేస్తూ ఇల్లు చేరింది. పొయ్యి ముందు కూర్చుని బురద కాళ్ళను చూసుకుంటే, ఏడుపు కూడా రానంత అలసట.

ఆ వారమే చర్చి బడిగదిలో జనం కూడారు. మిల్లు కూలీల సంఘం కార్యదర్శి అమోస్ రిగ్బీ విసుక్కున్నాడు. "కూలి కోసి కడుపు మాడుస్తుంటే, మీకు రాళ్ళ గొడవా?"

"రెండూ ఒక్క చెయ్యి చేసే పనేగా," అంది హెస్టర్ పక్కింటి ఆగ్నెస్. "మిల్లులో దొరగారికి వాటా లేదా? చుట్టుదారిన పోతే ఆలస్యం, ఆలస్యానికి జరిమానా. మన కాళ్ళరిగినా లాభం ఆయనకే!"

మాంచెస్టర్ నించి వచ్చిన విద్యార్థి లయొనెల్ లేచాడు. "ఇది మన పూర్వీకుల సంపద. మ్యూజియం వాళ్ళకు చెప్పి రెండు మూడు బండలైనా భద్రపరుద్దాం."

"అద్దాలపెట్టెలో పెడితే దాని మీద నడిచి మిల్లుకెట్టా పోతాను నాయనా?" అంది హెస్టర్. గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "దారి నడిస్తేనే దారి. లేకపోతే ఊరికే రాయి."

"మరి బండలన్నీ దొర లాయంలో ఉన్నాయిగా?" అన్నాడు లయొనెల్.

"మా గడపరాయి ఉంది," అంది హెస్టర్.

ఆదివారం ఊరు ఊరంతా గడపరాళ్ళు పెకలించింది. తోపుడుబండ్ల మీద, ఊడదీసిన తలుపుల మీద, వట్టి చేతుల మీద మోసుకుంటూ కొండెక్కారు. పాటలు లేవు, జెండాలు లేవు. వారమంతా ఒరుసుకుపోయిన వీపులు మళ్ళీ వంగాయి, అంతే. లయొనెల్ అరచేతులు పగిలాయి. రిగ్బీ కూడా వచ్చాడు. "సంఘం తీర్మానం లేకుండానే వచ్చాను, ఎవరికీ చెప్పకండి," అని గొణుగుతూ పార అందుకున్నాడు.

దారి సగం పైగా పడ్డాక మిల్లువైపు నించి పోలీసులు ఊబిలో దిగబడుతూ వచ్చారు. ఒకడి బూటు బురదలోనే ఉండిపోయింది. వెనకే వచ్చిన క్రోస్‌డేల్ హెస్టర్‌ను చూపించాడు.

సార్జెంటు మెత్తగానే అన్నాడు. "ఇంకెప్పుడూ ఇటు రానని ఒక్క మాట చెప్పమ్మా, వదిలేస్తాను."

"కాళ్ళు పీకుతున్నాయి బాబూ. చుట్టుదారి పట్టే ఓపిక నాకు లేదు."

ఆమె చేతులకు బేడీలు వేశారు. పోలీసు బండి అవతల, మిల్లున్న లోయలో ఉంది. సార్జెంటు బండ మీద కాలు వేశాడో లేదో ఆగ్నెస్ కేక పెట్టింది. "అయ్యా, అది మా గడప! బూట్లు తుడుచుకుని తొక్కండి!"

జనం గొల్లున నవ్వారు. "లేని దారి మీద నడుస్తున్నాడ్రోయ్!"

బండలు అయిపోయినచోట సార్జెంటు ఆగిపోయాడు. ముందు ఊబి. ఖైదీతో అందులో దిగే ధైర్యం ఎవరికీ లేదు.

"ఉండండి, రాయి పడనీయండి," అంది హెస్టర్.

ఆడవాళ్ళు పోలీసుల పక్కనించే బండలు దాటించి ఒక్కొక్కటే పరిచారు. తొందరపడలేదు. ఒకటి పడేదాకా చట్టం నిలబడింది, పడ్డాక ఒక అడుగు వేసింది. క్రోస్‌డేల్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. అలా కొండ దిగేసరికి దారి పూర్తయింది.

బండి ఎక్కబోతూ హెస్టర్ వెనక్కి తిరిగింది. "ఆగ్నెస్, రేపు ఎవరూ మానొద్దే. నాలుగు రోజులు నడవకపోతే గడ్డి కప్పేస్తుంది."

మర్నాడు పొద్దున్నే క్రోస్‌డేల్ గడ్డపారల మనుషులను వెంటేసుకుని కొండ మీద కాచుకున్నాడు. పని ఉన్నవాళ్ళు వచ్చారు. పని పోయినవాళ్ళూ వచ్చారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, నిద్రచాలని కళ్ళతో వచ్చారు. చెక్కచెప్పుల చప్పుడు ఒక్కటే కొండంతా నిండింది.

గడ్డపార పట్టినవాడు ఒకడు వంగి చూసి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"ఎక్కడ దించమంటారండీ?" అన్నాడు. "మీద కాలు లేని బండ ఒక్కటీ లేదు."