దాచిన మాత్రలు

జ్యేష్ఠమాసము తుదికి వచ్చినను తొలకరి జాడ లేక నీలమేఘరేఖలు తూర్పుకడలిపై నుదయించుటయు నంతలోనే విచ్చిపోవుటయుగా నుండ ఉప్పుగాలికి మేనెల్ల జిడ్డుదేరి కాకినాడ పట్టణమంతయు నూపిరి బిగబట్టి వానకై యెదురుచూచుచున్న యొక మధ్యాహ్నమున మానసికవైద్యశాలాప్రాంగణమునందు సర్వారాయుడు కూర్చున్నచోట కూర్చుండక నిలిచినచోట నిలువక తిరుగుచుండెను.

ఆయన మంచు కర్మాగారమున మేస్త్రీ. తల్లిలేని మందాకిని ఆయన కేకైకపుత్రిక, పదునారేండ్ల ప్రాయము. గతసంవత్సరము మొదలుకొని యా బాలిక యైదారు దినములు కంటికి కునుకు లేక వాక్ప్రవాహము నాపక సముద్రము నీది దాటెదనని విర్రవీగుచు ఆవెంటనే పక్షము దినములు గోడవైపు మొగమిడి పలుకక పడియుండుచు వచ్చెను. తలలోని రొద యడగునని తోడిపిల్లలవలన గంజాయి త్రాగ నేర్చెను. రొద యడగుటకు మారు నానాటికి హెచ్చెను.

వైద్యురాలు భ్రమరాంబ యీ రెండును నొకదానినొకటి పెంచు వ్యాధులు గావున రెంటికి నేకకాలమున చికిత్స వలయునని చెప్పి చిత్తమును నిలుకడపరచు మాత్రలను ప్రతిదినము తండ్రియే స్వహస్తమున నీయవలెననియు గంజాయి మానుటకై వారమునకొకసారి పిల్ల తనయొద్దకు వచ్చి మాటలాడవలెననియు విధించెను. అట్లు రెండు మాసములు గడచినను గుణము కానరాకపోగా మొన్న యుదయమున మందాకిని కర్మాగారపు నీళ్లతొట్టి శిఖరమెక్కి యెగిరెదనని చేతులు చాచి నిలిచెను. కూలీలు పట్టి దింపిరి. నాటినుండి యామె వైద్యశాలయందే యుండెను.

పిలుపు రాగా లోని కేగిన సర్వారాయునికి కూతురు కిటికీ యూచలు పట్టుకొని పాదము లాడించుచు కనబడెను. భ్రమరాంబ రక్తపరీక్షాపత్రమును జూచి రక్తమున మందు ఉండవలసినంతలో మూడవవంతైనను లేదని తెలిపి మాత్రలు మ్రింగక యుమియుచుంటివా యని బాలికను మెల్లగా నడిగెను.

మందాకిని తండ్రివైపొకసారి చూచి తల వంచుకొనెను.

"అవునండి. నేనే ఉమ్మేశాను."

ఆ పలుకు నిజము కాదని సర్వారాయు డెరుగును. ఏలయన గంజాయి వాసన సోకిన దినములందు విషముపై విషము పోయుదునా యని జడిసి మొదట నది మానినపిమ్మటనే మందనుకొని మాత్రల నీయక చొక్కాజేబులో దాచినవాడు తానే. అది బిడ్డ కెరుకయే. ఎరిగియు తండ్రిని కాచుటకై నింద తనమీద వేసికొనెను.

"అది అబద్ధమండి. అమ్మాయి ఏనాడూ కాదనలేదు. నేనే ఇవ్వలేదు."

భ్రమరాంబ కోపింపలేదు. "భయమేస్తే నన్నడగాలండి. గంజాయి తాగిందని తెలిసిన రోజున కూడా మీ అంతట మీరు మందు ఆపకూడదు. నాకు కబురు చేయండి, ఏం చేయాలో నేను చెబుతాను."

"నాన్నా," అని మందాకిని కిటికీ విడువకయే పలికెను. "మాత్ర లేని రోజునే నాకు గంజాయి మరీ కావాలనిపించేది."

సర్వారాయుడు చొక్కాజేబులోని మాత్రలను తీసి వైద్యురాలి బల్లపై పెట్టెను.

తరువాతి మాసములు తిన్నగా సాగలేదు. మందు ప్రభావమున మందాకినికి చేతులు వణకినవి. దాహము తీరకుండెను. రెండుమారులు గంజాయి త్రాగి రెండుమారులును తానే వైద్యురాలితో చెప్పుకొనెను. మోతాదు మార్చిరి గాని మందు మాన్పలేదు.

భాద్రపదమున నొకనాడు వైద్యశాలనుండి మరలివచ్చుచు మందాకిని బస్సులో తండ్రి భుజముపై తల వాల్చి గాఢముగా నిద్రించెను. దిగవలసినచోటు వచ్చెను. కండక్టరు పిలువబోగా సర్వారాయుడు వలదని చేసన్న చేసి కదలక మెదలక కూర్చుండెను. బస్సు వారి యింటిని దాటి సామర్లకోట త్రోవ పట్టెను.