చాసీ చేసిన చెయ్యి

"ఇంట్లో ఖాళీగానే ఉంటాది గదన్నా, నా పక్కన రాడ్డు పట్టుకుంటాదంతే," అని మా ఆయన మాలకొండయ్య, ఒక రొయ్యల రైతుకి చెబుతున్నాడు. ఆ రైతు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఫ్రేముకి ఆఖరి అతుకు వేస్తున్నది నేను. అల్లూరు రోడ్డులో మా వెల్డింగ్ షెడ్డు పెట్టి పదకొండేళ్లు. అతుకులు నావి. బోర్డు మీద పేరు ఆయనది.

అప్పుడే మా అమ్మాయి అనూష ఆటో దిగింది. ఇంజినీరింగ్ రెండో ఏడు. చేతిలో సగం ఊడిన రోబో.

"మునిగిపోయాం అమ్మా! రేపు పొద్దున్నే నెల్లూరులో పోటీ. ఇవాళ ఒక్క గుద్దుకే చక్రాలు వంకర పోయినాయి."

పోటీలో రెండు రోబోలు ఢీకొంటాయి. కదల్లేనిది ఓడినట్టు. వీళ్లు కొన్న కిట్ ఫ్రేమును చేతిలోకి తీసుకున్నాను. అల్యూమినియం, ఈకంత తేలిక. ఒక్క రంధ్రం కూడా పక్కకు పోలేదు. ఎంత అందంగా చేశారు! కానీ గుద్దిన బలమంతా నాలుగు బోల్టుల మీదే పడుతోంది. చెరువులో అదురుకి బోల్టులు వదిలిన ఫ్రేములు ఎన్ని మా షెడ్డుకి తిరిగొచ్చాయో నాకు తెలుసు.

"కొత్తది చేస్తా," అన్నాను.

మా ఆయన నవ్వాడు. "కంపెనీ సరుకు కంటే మీ అమ్మ చేసింది గట్టిదా? బోల్టులు బిగించుకుని పోమ్మా."

అనూష కిట్ వైపు చూసింది. నా వైపు చూసింది. కిట్టును బెంచీ కిందకి తోసేసింది.

సన్న చదరపు పైపు కోశాను. ఒక మూల అతికి, వెంటనే దానికి ఎదురు మూల అతికాను. వరసగా పోతే వేడికి ఇనుము ఒక పక్కకు లాగేస్తుంది. దారంతో ఐమూలలు రెండూ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

అనూష మోటార్లు బిగించి వదిలింది. రోబో దూసుకెళ్లి, మేం ఇనుము పెట్టి సుత్తితో కొట్టే బరువైన దాగలిని గుద్దింది. దాగలి జరిగింది! రోబో గీత గీసినట్టు తిన్నగా వెనక్కి వచ్చింది. నేను చేసినవన్నీ చెరువులో కట్టేసి ఉండేవే. నా చేతి పని పరుగెత్తడం చూడటం అదే మొదటిసారి.

"చాసీ, అంటే ఈ ఫ్రేము, చేసినోళ్లు జడ్జీల ముందు నిలబడి చెప్పాలి," అంది అనూష ఫోన్లో ఫారం తెరిచి. "పేరు?"

"నాది రాయి," అన్నాడు మా ఆయన. "మీ అమ్మకి ఆడ మాట్లాడటం ఏం వచ్చు? ఏం అడుగుతారంట?"

"అతుకులు ఏ వరసలో వేశారు, ఎందుకు అని."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏందిమే, ఏ వరసలో వేసినావ్?"

ఆయన అడగ్గానే చెప్పేయడం పదకొండేళ్ల అలవాటు. నోరు తెరిచాను. మూశాను.

"రేపు జడ్జీలకి చెప్తాలే," అన్నాను.