మెడలో బోర్డు

ఆఖరి గంట కొట్టేలోపు సృజన తన మెడలోని చెక్క బోర్డును ఇంకొకరికి తగిలించాలి. కాప్రాలోని ఆ ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో అదీ పద్ధతి. తెలుగు మాట్లాడి దొరికితే మెడలో బోర్డు పడుతుంది. ఇంకొకరిని పట్టిస్తే గాని దిగదు. శనివారం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు ఆ వారం ఇంటికి ఫోను చేసే వీల్లేదు.

పోయిన వారమూ సృజనకు ఫోను దక్కలేదు. ఊళ్లో తమ్ముడి విరిగిన చేతికి కట్టు విప్పారో లేదో తెలియదు.

ఆ శనివారం ఆఖరి పీరియడు మాధురి మేడంది. బోర్డు కనిపెట్టిన మహాతల్లి ఆవిడే. ఒక్కో ఇంగ్లీషు మాట పుట్టుక చెప్పడం ఆవిడకు సరదా. ఆ రోజు వంతు 'బోర్డు'ది. మొదట అది వట్టి చెక్కపలకట. తర్వాత అన్నం తినే బల్ల అయింది. బల్ల మీది తిండిని బట్టి 'బోర్డింగు' వచ్చింది, బల్ల చుట్టూ చేరిన పెద్దలను బట్టి పరీక్షల 'బోర్డు' వచ్చింది. చెబుతుంటే మేడం ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలిగిపోయింది. పరాయి మాటకు పురిటి పాటలు, ఇంటి మాటకు మెడలో గుదిబండ! అనుకుంది సృజన.

పక్కనున్న కల్పలత గుసగుసలాడింది. "నన్ను పట్టియ్యవే. మా అమ్మ ఎట్లైన రేపొస్తది. నాకు ఫోనెందుకు?"

అంతలో మేడం ఆ మాటకు ఇంకో వాడుక చెప్పమని అడిగింది. నలుగురిలో నోరు విప్పని సృజన లేచి నిలబడింది.

"ఇగో మేడం, నా మెడల ఉన్నది సుత బోర్డే. దీని పుట్టుక గూడ చెప్పుండ్రి."

"ఇన్ ఇంగ్లిష్!" అని అరిచింది మేడం.

"ఎట్లైన మెడల ఉండనే ఉన్నది గద మేడం. ఇంకోటి ఏస్తరా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. కాలేజీ మొత్తానికి ఉన్నది ఒక్కటే బోర్డు. గంట కొట్టారు.

"పిచ్చిదానా, ఫోను పాయె గదనే!" అంది కల్పలత.

"నీకెట్లైన వద్దు గద. మా ఇంటికి చెయ్యి. మా తమ్ముని చెయ్యెట్లున్నదో అడుగు."

కల్పలత ఆ ఇంటి నంబరు అరచేతిలో రాసుకుని ఫోను వరుసలోకి పరుగెత్తింది. వరండాలో మేడం ఎదురైనప్పుడు సృజన పక్కకు తప్పుకోలేదు. తల వంచుకుని ఆవిడే తప్పుకుంది.